బొంబాయి నుంచి కలకత్తాకు, ఆకాశంలో

నేను ఆదోనికి కాపురానికొచ్చిన రెండో ఏడు. అత్తవారిది పత్తి వ్యాపారం. మా ఆయన సరుకు పని మీద బొంబాయిలో ఉండగా, కలకత్తాలో ఆయన బావకు, అంటే మా ఆడబిడ్డ భర్తకు, ప్రాణం మీదికొచ్చిందని తెలిసింది. మా ఆడబిడ్డ పసిపిల్లలతో అక్కడ ఒంటరిది. రైల్లో పోతే రెండు రాత్రులు. విమానంలోనైతే పొద్దున ఎక్కి సాయంత్రంలోగా దిగవచ్చు. ఎమ్మిగనూరులోని మా పుట్టింటికి ఎద్దుల బండిలో పోవడానికీ నాకు అంతసేపే పట్టేది. అంతలోనే దేశం ఆ కొస నుంచి ఈ కొసకు పోవడమేమిటో నా బుద్ధికి అందలేదు. అందకనే భయమేసింది.

ఆయన విమానమెక్కిన రోజు అత్తమ్మ ఉరుకుంద ఈరన్నకు మొక్కుకొని గడప దగ్గరే కూర్చుంది. పొద్దు వాలుతుండగా మామగారు మండీ నుంచి చెప్పుల్లేకుండా వచ్చారు.

"నాగపూరు నుంచి ఫోనొచ్చె. విమానం అనె, వాన అనె. అంతే, లైను తెగిపాయ."

"మాట్లాడింది వాడేనా?"

"గొంతు తెలీలేదే. అంతా గరగర."

కలకత్తా పోయే మనిషి గురించి నాగపూరు నుంచి ఫోనెందుకొచ్చింది? దారిలో విమానానికేమైనా అయిందా? మండీకి ఆడవాళ్లం పోయే ఆచారం లేదు. అయినా అత్తమ్మ నా చేయి పట్టుకొని బయల్దేరింది. మమ్మల్ని చూసి హమాలీలు పక్కకు తప్పుకున్నారు. ఫోను పెట్టిన బల్ల ముందు, పత్తి బోరాల మీద కూర్చున్నాం. నేను తాళిని గుప్పిట్లో పట్టుకొని, ఎవరికీ కనబడకుండా పైన కొంగు కప్పుకున్నాను.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. మామగారు లేవలేకపోయారు. నేనే తీశాను. తలకిందులుగా పట్టుకుంటే గుమాస్తా సరిచేశాడు.

"యాడుండారు?" అన్నాను.

"నాగపూర్లోనే. వాన గట్టిగుండాది. విమానాన్ని ఈడనే ఆపినారు. రేప్పొద్దున పోతాది."

ఆయన గొంతే. ఫోనును చెవికి ఇంకా అదుముకున్నాను.

"మళ్లా ఎక్కుతారా? రైల్లో పోండి."

"బావ అంతసేపు ఉండడంట."

"భయం లేదా?"

"ఉండాది. అమ్మకు చెప్పొద్దు."

అత్తమ్మ నా మొహంలోకే చూస్తోంది. "బాగుండారంట అత్తమ్మా. వాన తగ్గినాక పోతారంట" అన్నాను.

మర్నాడంతా ఆ మాటను కడుపులో పెట్టుకొని వంట చేశాను. గాలికి కిటికీ తలుపు కొట్టుకున్నా ఉలిక్కిపడ్డాను. సాయంత్రానికి కలకత్తా చేరినట్టు కబురొచ్చింది. ఆడబిడ్డ భర్త మా ఆయన్ను గుర్తుపట్టి, చేయి పట్టుకొని, పిల్లలవైపు చూపించారట. ఆ మర్నాడే కన్ను మూశారు.

మా ఆయన, అక్కనూ పిల్లలనూ తీసుకొని రైల్లోనే వచ్చారు. స్టేషనులో దిగగానే ఆడబిడ్డ నన్ను పట్టుకొని ఏడ్చింది.

"నా తమ్ముడు రాకపోయుంటే, మమ్మల్ని ఎవురి చేతిలో పెట్టి పోయుండునమ్మా మా ఇంటాయన?"

రైల్లో పోండని ఫోనులో నేనన్న మాట గుర్తొచ్చింది. నిద్రపోతున్న చంటిదాన్ని ఆమె భుజం మీంచి నా భుజానికి మార్చుకొని బండి దగ్గరికి నడిచాను.