ఖాలా కోసం దగ్గు

తెల్లాపూర్‌లో నేను ఇల్లు తుడిచే ఫ్లాట్‌లో ఒక ముసలామె వంట చేసేది. నేను ఖాలా అని పిలిచేదాన్ని. ఆమె చేసే ఉప్పు బిస్కెట్లంటే మేడమ్‌కు ఇష్టం. చీజ్ తురిమి, కుండీలోని వామాకు సన్నగా తరిగి పిండిలో కలిపేది. ఓవెన్‌లో పెట్టాక ప్రతిసారీ నన్ను పిలిచి, "వాసనొచ్చిందా బేటీ?" అని అడిగేది. నన్ను ఊరిస్తోందని అనుకునేదాన్ని.

ఒకరోజు నేను బాల్కనీ కడుగుతుంటే మాడు వాసన వచ్చింది. మేడమ్ లోపలి గదిలో మీటింగ్‌లో ఉంది. వంటింట్లోకి ఉరికాను. ఖాలా ఓవెన్ పక్కనే నిలబడి, తీరిగ్గా గిన్నె తుడుస్తోంది.

"మాడిపోతున్నయ్ ఖాలా, నీకు వాసన వస్తలేదా?"

ఆమె ఓవెన్ కట్టేసి, వంటింటి తలుపు మూసింది.

"కెమికల్ కంపెనీల పన్నెండేండ్లు పౌడర్ నింపిన. ముక్కు ఆడనే పోయింది. మేడమ్‌కు చెప్పకు బేటీ. వాసన తెల్వని వంటమనిషిని ఎవలు పెట్టుకుంటరు?"

"చెప్తే నాకు బిస్కెట్లు ఎవలు పెడ్తరు?" అన్నాను.

ఆ తర్వాత ఆమె నన్ను పిలవలేదు. హాల్లో తుడుస్తూ, వాసన రాగానే నేనే ఒకసారి దగ్గేదాన్ని. ఆమె ఓవెన్ కట్టేసేది.

"నీ దగ్గు తగ్గనే తగ్గదా?" అని మేడమ్ నాకు గోలీలిచ్చేది.

పోయిన ఎండాకాలం ఖాలా చనిపోయింది. ఇప్పుడు వంట కూడా నాదే. నిన్న బిస్కెట్లు కాలిన మంచి వాసన వచ్చింది. వంటింట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. అయినా ఒకసారి దగ్గి, అప్పుడు ఓవెన్ కట్టేశాను.