సత్తార్ భాయ్ బండి ఆపే చోటు

మొన్న ఉదయం బోధన్ రోడ్డు మీద నా స్కూటర్‌కు ముందు ఒక ట్రాలీ ఆటో వెళ్తోంది. దాని మీద ఇరవై అడుగుల ఇనుప పైపులు. గుంత వచ్చినప్పుడల్లా పైపులు ఒకదానికొకటి తగిలి గలగలమంటున్నాయి. చివర ఎర్ర గుడ్డ కట్టారు, ముందూ వెనకా తాడు వేశారు. అయినా ఆ చప్పుడు వినగానే మధ్యలో, లోడు నడుము దగ్గర కట్టు లేదని తెలిసిపోయింది. దాటి వెళ్లకుండా వేగం తగ్గించి బాగా వెనకే ఉండిపోయాను. నా వెనక వాళ్లు హారన్లు కొట్టారు. ముప్పై ఏళ్లుగా పత్రికలో పనిచేస్తున్నవాణ్ని. పైపుల చప్పుడును బట్టి కట్టు సంగతి పసిగట్టడం మా వృత్తివిద్య కాదు. నాకది నేర్పింది సత్తార్ భాయ్.

నిజామాబాద్‌లో మేం గోడ పంచుకున్న ఇరుగుపొరుగు. నేను అప్పుడు ముప్పైల్లో ఉన్న జిల్లా విలేకరిని, ఆయనకు యాభై దాటింది. వాళ్ల నాయన ఎడ్లబండి మీద కట్టె మోసిన టింబర్ డిపోల నుంచే ఆయన ఒక చిన్న పికప్ బండిలో మోసేవాడు. ఆ బండి తొట్టి ఎనిమిది అడుగులు. జనం కట్టుకునే ఇళ్లకు కావలసిన దూలాలు పద్నాలుగు, పదహారు అడుగులు. ఇంత పొట్టి బండిలో అంత పొడుగు కట్టె ఎట్లా పోతుందని కొత్తవాళ్లు అనుమానపడితే, "పెద్ద లారీ తెచ్చుకో పటేలా. మీ గల్లీల తిరగనీకి గోడలు కూలగొట్టుకో" అనేవాడు. నవ్వేవాడు కాదు. ఎదుటివాడు నవ్వేదాకా చూసేవాడు.

ఆయన బండిలో నేను మొదట ఎక్కింది వర్నికి బస్సు తప్పిపోయిన రోజున. కాలువ చివరి పొలాలకు నీళ్లు రావడం లేదని అక్కడ రైతులు ధర్నాకు కూర్చున్నారు. సత్తార్ భాయ్ అటువైపే దూలాలు తీసుకెళ్తున్నాడని తెలిసి డిపోకు పోయాను. లోడు వేయడానికి గంట పట్టింది. లావు మొదళ్లు ముందుకు, సన్నని కొసలు వెనక్కి రావాలి. మొదళ్లు క్యాబిన్ వెనక ఉన్న ఇనుప ఫ్రేము మీదికి ఎక్కాలి. బరువంతా వెనక్కి పడితే ముందు చక్రాలు తేలిపోతాయి. "గప్పుడు స్టీరింగ్ చేతిల ఉన్నా లేనట్టే" అన్నాడు. నైలాన్ తాడు నున్నటి కట్టె మీద జారుతుందని కొబ్బరి తాడే వాడేవాడు. తల దగ్గర ఒకటి, నడుముకు ఒకటి, తొట్టి అంచున ఒకటి, మూడు కట్లు. ఆ లోడులో ఒక ఇంటి గడప చెక్క కూడా ఉంది. అలసిపోయిన హమాలీ ఒకడు దాని మీద కూర్చోబోతే సత్తార్ భాయ్ భుజం పట్టి లేపాడు.

"రేపు దీనికి పసుపు రాసి మొక్కుతరు. నువ్వేమో ఇయ్యాల దీన్ని కుర్సీ చేస్తవా?"

ఊరి చివర పెట్రోలు బంకు దాటగానే బండి పక్కకు ఆపాడు. బయలుదేరి కిలోమీటరు కూడా కాలేదు.

"ఏమైంది భాయ్?" అన్నాను.

"ఏం గాలే. గందుకే ఆగిన."

"ఇప్పుడే కడితివి గద?"

"గప్పుడు నిలబడ్డ బండికి కట్టిన. ఇప్పుడు బండి నడిసింది. కట్టెలు జర కదిలి, సదురుకొని కూసున్నయ్. అవి కూసుంటే తాడు వదులైతది. దిగి సూడు."

దిగాను. డిపోలో ఒక్క వేలు కూడా దూరని తాడు కింద రెండు వేళ్లు సులువుగా దూరాయి. ఆయన మూడు కట్లూ మళ్లీ బిగించి, బండి చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి ఎక్కాడు. ఆ తర్వాత వర్ని, మోస్రా, నందిపేట వైపు ఆయనతో చాలాసార్లు వెళ్లాను. చెరుకు సీజన్‌లో బోధన్ రోడ్డు మీద ట్రాక్టర్ల వెనక ఇరుక్కుపోయినా, వానొచ్చినా, కొనుగోలుదారు పక్కనే కూర్చుని సణిగినా, కిలోమీటరు లోపల బండి ఆగకుండా పోయిన రోజు లేదు. ఒక్క రోజు తప్ప.

ఆ రోజు లోడు మోస్రాలో ఇల్లు కట్టుకుంటున్న గంగారాం అనే రైతుది. నున్నగా చిత్రిక పట్టిన దూలాలు, వాటి మీద దర్వాజ, అంటే గుమ్మం చట్రం. మా వైపు ఇల్లు కట్టేటప్పుడు దర్వాజ నిలబెట్టడానికి ముహూర్తం పెట్టుకుంటారు; గోడల కంటే దానికే పట్టింపు ఎక్కువ. ముహూర్తం తొమ్మిదిన్నరకు. దర్వాజ చేసే వడ్లాయన దాన్ని ఆలస్యంగా ఇచ్చాడు. మేం డిపో దాటేసరికే ఎనిమిదిన్నర. సన్నగా తుంపర. గంగారాం ఫోన్ మీద ఫోన్.

"సత్తార్ భాయ్, అయ్యగారు వచ్చి కూసున్నడు. చుట్టాలంత వచ్చిండ్రు. యాడున్నవ్?"

"దారిల ఉన్న పటేలా. వస్తున్న."

నాకూ వర్నిలో ఒక సమావేశం ఉంది. బంకు దగ్గరపడుతుంటే సత్తార్ భాయ్ కాలు యాక్సిలరేటర్ మీది నుంచి లేచింది. నేను గడియారం చూసుకున్నాను. "ఇయ్యాల ఒక్కరోజు వదిలెయ్ భాయ్. ఏం గాదు, పోదాం" అన్నాను. ఆయన నా వైపు చూశాడు. ఫోన్ మళ్లీ మోగింది. బంకు వెనక్కి పోయింది.

మోస్రా ఊరు మొదట్లో స్పీడ్ బ్రేకర్ ఉంది. ముందు చక్రాలు ఎక్కి దిగాయి. వెనక చక్రాలు ఎక్కినప్పుడు లోడులోంచి కీచుమని చప్పుడు వచ్చింది, వెంటనే వెనక ఎవరో అరిచారు. తడిసిన దూలాల్లో ఒకటి వదులైన తాళ్లలోంచి బెత్తెడు దూరం కాదు, మూడు మూరలు వెనక్కి జారింది. వెనకే స్కూటీ మీద వస్తున్న అంగన్‌వాడీ టీచర్ హ్యాండిల్‌కు తగిలింది. ఆమె పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. మరో జానెడు పైన తగిలి ఉంటే ఏమయ్యేదో అక్కడ ఉన్న అందరికీ తెలుసు. ఆమెను నేను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. సత్తార్ భాయ్ పోలీసులు వచ్చేదాకా బండి దగ్గరే నిలబడ్డాడు. గంగారాం ట్రాక్టర్ తెచ్చి దర్వాజ తీసుకెళ్లాడు. ముహూర్తం మాత్రం దాటిపోయింది.

సాయంత్రం ఆఫీసులో వార్త రాశాను. రోజూ రాసే రకం వార్తే. చెయ్యి తనంతట తానే రాసుకుపోతుంది. ఎస్ఐ చెప్పింది చెప్పినట్టు, "డ్రైవర్ నిర్లక్ష్యం కారణంగా" అని మొదటి వాక్యంలోనే రాశాను. అందులో అబద్ధం లేదు. బండిలో ఇంకొకడు ఉన్నాడని మాత్రం లేదు.

మర్నాడు సత్తార్ భాయ్ ఆ వార్తను చాయ్ హోటల్లో ఎవరితోనో చదివించుకున్నాడు. గోడ అవతల నుంచి నన్ను పిలిచి, "మంచిగనే రాసినవ్ తమ్మీ. నా పేరు తప్పు పడలే" అన్నాడు. వెటకారం అనుకున్నాను. కాదు. టీచరమ్మను చూడడానికి మోసంబీలు కొనుక్కుని బయలుదేరుతున్నాడు. ఆమె ఆయనతో ఒకే మాట అన్నదట: "అన్నం కలుపుకునే చెయ్యి అన్నా ఇది."

డిపో సేఠ్ ఆయనకు లోడు ఇవ్వడం మానేశాడు. ఒకరిని చూసి ఒకరు మిగతా డిపోలవాళ్లూ మానేశారు. పోలీసులు తీసుకున్న లైసెన్సు తిరిగి చేతికి వచ్చాక కూడా బండి మా గల్లీలోనే నిలబడి ఉంది. రెండు వారాలు రోజూ దాని పక్క నుంచే ఆఫీసుకు వెళ్లాను. ఆ బండి తప్ప ఆయనకు వేరే బతుకుదెరువు లేదు. చివరికి మా డెస్క్ ఇన్‌చార్జిని అడిగాను, జరిగిందంతా చెప్పి ఒక సవరణ వేద్దామని. ఆయన నవ్వి, "మన గురించి మనమే వార్త రాసుకుంటామా?" అన్నాడు.

అందుకని డిపోకే వెళ్లాను. సత్తార్ భాయ్ అక్కడ లోడు దొరుకుతుందేమోనని బల్ల మీద కూర్చుని ఉన్నాడు. సేఠ్‌తో ఆయన సంగతి ఎత్తగానే, "పేపర్లనే వచ్చింది గద సార్. మీ పేపర్లనే" అన్నాడు.

"రాసింది నేనే సేఠ్. ఆ రోజు బండిల ఉన్నది కూడా నేనే. తాడు సూడనీకి ఆపుతుంటే ఆపొద్దన్నది నేనే."

హమాలీలు పని ఆపి చూశారు. సేఠ్ కళ్లద్దాలు తీశాడు.

"మరి గది ఎందుకు రాయలే?"

సత్తార్ భాయే కల్పించుకున్నాడు. "ఊకో సేఠ్. యాక్సిలరేటర్ మీద ఆయన కాలు లేకుండె."

ఇంటికి వస్తూ దారిలో నన్ను తిట్టాడు. "నాకు జామీను ఇయ్యనీకి వచ్చినవా? నువ్వు వద్దన్నవని గాదు నేను ఆపంది. నువ్వన్నది గప్పుడు నాకు గూడ మంచిగనిపించింది. గది నా తప్పు. నీ తప్పు నీ దగ్గర ఉంచుకో, నాది నాకియ్యి."

మూడో రోజు సేఠ్ కబురు పంపాడు. వర్నికి దూలాలు. సత్తార్ భాయ్ నన్నూ రమ్మన్నాడు; నాకు అటువైపు పనేమీ లేకపోయినా వెళ్లాను. బంకు దాటాక బండి ఆపి, తాను మాత్రం దిగలేదు. "దిగు. ఇయ్యాల నువ్వు సూడు." మూడు కట్లూ వేళ్లు పెట్టి చూశాను. నడుము కట్టు వదులైంది. ఎంత లాగినా నాకు బిగియలేదు. అద్దంలోంచి చూస్తూ, "గట్టిగ గుంజు తమ్మీ, పెన్ను గాదది" అన్నాడు. అరచేయి గీరుకుపోయింది గానీ చివరికి బిగిసింది.

తర్వాత పదేళ్లు ఆయన బండి నడిపాడు. మోకాళ్లు పట్టేశాక అమ్మేసి బోధన్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోయాడు. నిరుడు వానాకాలంలో పోయాడు. జనాజా మోసినవాళ్లలో డిపో హమాలీలు ఉన్నారు.

ఇప్పుడు నేను జిల్లా పేజీ చూసే పనిలో ఉన్నాను. పోయిన నెల నందిపేట విలేకరి ఒక ప్రమాదం వార్త పంపాడు. ట్రాలీ బోల్తా, ఇద్దరికి గాయాలు, డ్రైవర్ నిర్లక్ష్యం. ఫోన్ చేసి, "ఆ లోడు కోసం ఎవరు ఎదురు చూస్తున్నరు?" అని అడిగాను.

"గది మనకెందుకు సార్?"

"కనుక్కో. నేను పేజీల జాగా ఆపి ఉంచుత."

ఇరవై నిమిషాలకు మళ్లీ ఫోన్ వచ్చింది. "పందిరి గుంజలు సార్. పెండ్లోళ్లు డ్రైవర్‌కు ఏడు సార్లు ఫోన్ చేసిండ్రట. ఆఖరి ఫోన్ మాట్లాడుకుంటనే మలుపు తిప్పిండు." ఆ ఏడు ఫోన్ల సంగతి రెండో వాక్యంలో పెట్టాను. డ్రైవర్ తప్పును మొదటి వాక్యంలోనే ఉంచి, పేజీ పంపించాను.