బాల్కనీ లేని నాటకశాల

ఓజెల్లా టిబ్స్ పేరు వింటే ఊళ్లో ఆడవాళ్లకి ముందు తమ నడుం కొలత గుర్తొచ్చేది. మిస్సోరీలో, నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో పెళ్లి గౌన్లలో సగానికి సగం ఆమె మిషన్ మీదే తయారయ్యేవి. ఊరి నాటక సమాజానికీ ఆమే దర్జీ. తను కుట్టిన దుస్తుల్ని మాత్రం పాత థియేటర్‌లో వెనక మెట్లెక్కి, నల్లవాళ్లకి వదిలిన బాల్కనీలోంచి చూడాల్సి వచ్చేది. అక్కణ్ణించి చూస్తే నటుల పాపిళ్లు తప్ప ఏమీ కనిపించవు. ఆ కడుపుమంట ఆమెకి చాలా ఏళ్లుగా ఉంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొన్నాళ్లకి ఆ థియేటర్ కాలిపోయింది. సమాజం నడిపే మిస్ విన్నీ మూతబడ్డ ఐసు ఫ్యాక్టరీని అద్దెకు తీసుకుంది. తెర లేదు, వేదిక లేదు. మధ్యలో నేలమీద నాటకం, నాలుగు వైపులా కుర్చీలు. న్యూయార్క్ వాళ్లు ఆడి పారేసినవి మనకెందుకు, మన ఊరి నాటకం మనమే కొత్తగా ఆడుకుందాం అని ఊరంతా చాటింది. దీపాల దగ్గర్నుంచి కుర్చీల దాకా అన్నీ ఆలోచించిన ఆ మహాతల్లి ఒక్క సంగతి మరిచిపోయింది. బాల్కనీ కట్టించలేదు.

మొదటి ఆటకి ఓజెల్లా టికెట్ కొనుక్కుని, చర్చికి పెట్టుకునే టోపీ పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చుంది. హాల్లో మాటలు ఆగిపోయాయి. మిస్ విన్నీ పరుగున వచ్చింది.

"ఓజెల్లా, పైన దీపాల గదిలో నీకు మెత్తటి కుర్చీ వేయించాను. హాయిగా చూడొచ్చు."

"పాపిళ్లు చూసి చూసి విసుగెత్తింది మిస్ విన్నీ. ఈసారైనా గౌను అంచు చూడనివ్వండి."

"నీకు దణ్ణం పెడతాను. ఎదురుగా ఉన్నది బ్యాంకు యజమాని ప్రెంటిస్ గారు. ఆయన లేచాడంటే వెనకాలే సగం హాలు లేస్తుంది. ఈ థియేటర్ ఇవాళే మూతబడుతుంది."

"ఎలా లేస్తారు మేడమ్? దారి మీ నాటకంలోంచే కదా!"

ఆ మాట నిజమే. పాత్రలు వచ్చే దారులే జనం పోయే దారులు. ఆట నడుస్తుండగా లేచినవాడు నటుల మధ్య, దీపాల వెలుగులో నడిచిపోవాలి. అంత ధైర్యం ప్రెంటిస్‌కి లేదని ఓజెల్లా అంచనా. పైకి అలా అందేగాని చేతి తొడుగుల్లో ఆమె అరచేతులు తడిసిపోతున్నాయి.

ఆట మొదలైంది. నాటకం మీద పడే వెలుగు ముందు వరసల మీదా పడింది. ఎదుటివాళ్లంతా నాటకం మానేసి ఆమెనే చూస్తున్నారు. ప్రెంటిస్ ముఖం కందగడ్డలా ఉంది. నాయిక నీలం గౌనులో వచ్చింది. ఇన్నేళ్లు చూడాలనుకున్న గౌను కళ్లముందు తిరుగుతోంది, ఆమె చూపు మాత్రం ప్రెంటిస్ బూట్ల మీదే ఉంది. రేపు ఇంటి అద్దాలు పగలగొడతారేమో అనుకుంది. భయమేసింది, చాలా భయమేసింది.

మొదటి అంకం ముగిసింది. తెర లేదు గనక దీపాలన్నీ ఆర్పేశారు. చీకట్లో కుర్చీలు కిర్రుమన్నాయి. బూట్ల చప్పుడు నేలమీంచి ఆమెవైపే వచ్చి, ముందు ఆగింది. చుట్ట వాసన.

"నా కూతురి పెళ్లి గౌను కుట్టింది నువ్వే కదూ? ఇక ఈ ఊళ్లో నీ సూదికి పని ఉండదు. లే, పైకి పో!"

ఓజెల్లా లేవలేదు. కుర్చీ అంచు పట్టుకుని అలాగే కూర్చుంది. బూట్లు కాసేపు నిలబడి, తలుపువైపు వెళ్లిపోయాయి.

దీపాలు వెలిగాయి. ఎదురు వరస ఖాళీ. మిగతా హాలు మాత్రం కదల్లేదు. నాయిక నాలుగు వైపులా తిరిగి మాట్లాడాలి. ఖాళీ కుర్చీలవైపు తిరిగేసరికి మాట తడబడింది. గిరుక్కున ఓజెల్లావైపు తిరిగి మిగతాదంతా ఆమెకే చెప్పింది. గౌను అంచు ఓజెల్లా మోకాళ్లకి తగిలింది. అప్పుడు చూసింది దాన్ని. ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు.

ప్రెంటిస్ అన్నంతా చేశాడు. పెళ్లి గౌన్లు రావడం ఆగిపోయింది. నెల తిరక్కుండానే మిస్ విన్నీ గుమ్మంలోకి వచ్చి తల దించుకుంది. "చందాలిచ్చేవాళ్లు ఒప్పుకోవట్లేదు ఓజెల్లా. ఈసారి దుస్తులు ఇంకొకరు కుడతారు."

"కుట్టించుకోండి," అంది ఓజెల్లా. "టికెట్లు మాత్రం నాకు పన్నెండు కావాలి. మా చర్చి ఆడవాళ్లంతా వస్తామంటున్నారు. ఎదురు వరస ఖాళీయేగా?"

 మిస్ విన్నీ చేతిసంచి తెరిచి, పన్నెండు టికెట్లు లెక్కపెట్టి ఇచ్చింది.