అగ్గిపెట్టెల మాజాంగ్

నాలుగు నెలలు ఏకదీక్షగా చదివి, నూట ముప్పై ఆరు అగ్గిపెట్టెలు అంటించి, తన ఓటమిని తన చేతులతోనే తయారు చేసుకున్న మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి. ఆ మనిషిని నేనే.

మాది తమిళనాట అగ్గిపెట్టెల ఊరు కోవిల్పట్టి. మా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు గాని చదవరు. నేను మాత్రం లైబ్రరీలో తమిళం, ఇంగ్లీషు పుస్తకాలు నమిలేసి, అవి చాలక తెలుగు అక్షరాలు కూడా సొంతంగా దిద్దుకున్నదాన్ని. పుస్తకంలో దొరకని విద్య లేదని నా నమ్మకం. ఈత కూడా అలాగే నేర్చుకున్నాను. ఇంతవరకు నీళ్లలో దిగే అవసరం రాలేదు.

విరుదునగర్‌లో మా పెద్దమ్మ ఉంది. ఓడలో పనిచేసిన పెదనాన్న మలేషియాలోని పెనాంగ్ నుంచి మాజాంగ్ అనే ఆట పలకల పెట్టె ఒకటి తెచ్చాడు. ఆయన ఉన్నన్నాళ్లూ "రావే, ఆడదాం" అని పిలిచేవాడు. ఆవిడ "పప్పు పొయ్యి మీద ఉండాది" అనేది. ఆయన పోయాక పప్పు తొందరగానే ఉడుకుతోంది గాని, పిలిచేవాళ్లు లేరు. తూత్తుకుడిలో ఉన్న అల్లుడు ఆ పెట్టెను అద్దాల బీరువాలో పెట్టుకుంటానని అడిగాడు. పెద్దమ్మకు మనసొప్పలేదు. దీపావళి లోపల ఆ పలకలతో తనచేత ఒక్క ఆట పూర్తిగా ఆడించినవాళ్లకు పెట్టె ఇస్తాననీ, ఎవరూ రాకపోతే అల్లుడికేననీ తేల్చి చెప్పింది.

మరునాడే నేను లైబ్రరీలో ఉన్నాను. మాజాంగ్ అంటే మన రమ్మీకి చైనా మేనమామ. పదమూడు పలకలను ముఖం మన వైపు, వీపు ఎదుటివాళ్ల వైపు ఉండేలా నిలబెట్టుకోవాలి; ఒకటి తీసుకోవాలి, ఒకటి వేయాలి. మూడేసి పలకల గుంపులు నాలుగు, ఒక జంట కుదిరితే గెలుపు. నలుగురు ఉండాలి. మా అమ్మను, పక్కింటి రాజమ్మత్తను, ఆమె కోడలు సరసక్కను పట్టుకున్నాను. ఆ అత్తాకోడళ్లు ఏళ్ల తరబడి అగ్గిపెట్టెలకు బొమ్మల కాగితాలు అంటించినవాళ్లు.

పలకలు లేవు. కోవిల్పట్టిలో పుట్టి పలకలకు వెతుక్కోవడమా? అగ్గిపెట్టెలు తెచ్చాను. ఫ్యాను గాలికి లేచిపోకుండా ఒక్కోదానిలో నల్లమన్ను కూరాను. ఒక పక్క, అసలు పలకల మీద ఉండే వెదుళ్లు, వలయాలు, చైనా అంకెలు కాగితం మీద గీసి అంటించాను. రెండో పక్క దాని పాత బొమ్మ అలాగే ఉంచాను. ఇక్కడే నా లైబ్రరీ బుర్ర వెలిగింది. ఆట అయ్యాక సర్దడం సులువుగా ఉండాలని వెదుళ్లన్నిటికీ నెమలి బొమ్మ పెట్టెలు, వలయాలకు బండిచక్రం, అంకెలకు కోడిపుంజు, మిగతావాటికి తాళం వాడాను. లైబ్రరీలో పుస్తకాల వీపుల మీద నంబర్లు ఉండవూ? అట్లా.

మీకు అర్థమైంది కదూ. నాకు కాలేదు.

మొదటిరోజు రాజమ్మత్త గెలిచింది. రెండోరోజు సరసక్క. మూడోరోజు మా అమ్మ, అదీ చిక్కుడుకాయలు ఒలుస్తూ. నేను వెదుళ్లు కూడబెడితే ఆ రోజు ఊళ్లో ఎవరూ వెదురు వేయరు. వలయాల మీద మనసు పడితే వలయాలకు కరువు. నేను మాత్రం గురువును కాబట్టి పొంగిపోయాను. ఎంత గొప్పగా నేర్పుతున్నానో చూడండి, నన్నే ఓడిస్తున్నారు. పుస్తకం హస్తభూషణం అంటారు. నాకది కళ్లకు గంతలైంది. వాళ్ల పెట్టెల వీపులు నాకూ కనబడేవే, కాని నా తల పుస్తకంలోంచి లేస్తే గదా.

దీపావళికి వారం ముందు ముగ్గురు శిష్యురాళ్లతో విరుదునగర్ బస్సెక్కాను. దారంతా వాళ్ల ముఖాల్లో ఏదో బెదురు. పరీక్ష భయం అనుకుని ధైర్యం చెప్పాను.

పెద్దమ్మ చాప పరిచి పెట్టె తెరిచింది. తెల్లగా, నున్నగా, బియ్యపు పిండితో చేసినట్టున్న పలకలు. ఆవిడతో కలిసి నలుగురూ కూర్చున్నారు. నేను వెనక నిలబడి, వీళ్లు కోవిల్పట్టిలో ఓటమి ఎరుగరని పెద్దమ్మతో చెప్పాను.

రాజమ్మత్త ఒక పలకను తిప్పింది. మళ్లీ తిప్పింది. సరసక్క పలకల వెనక చూసింది.

"ఏమే, దీని ఈపున బొమ్మే లేదు కద?" అంది రాజమ్మత్త మెల్లగా.

"ఈపున బొమ్మ ఏంటికే?" అంది పెద్దమ్మ.

సరసక్క తల దించుకుని చెప్పేసింది. "మేము ఈ పిల్ల పెట్టెల ఈపులు చూసే ఆడతాంటిమి పెద్దమ్మా. నెమలి నిలబెడితే నెమలి వేయము. అంతే. దీని ముఖం చూసి చెప్పేదానికి నోరు రాలే."

నేను మా అమ్మ వైపు చూశాను. కన్నతల్లి. ఆమె "కాఫీ పెడతా" అని లేచి లోపలికి పోయింది.

పెద్దమ్మ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నువ్వు వాండ్లకి ఆడేది నేర్పలేదు. వాండ్లే నీకు ఓడేది నేర్పినారు" అంది. తరువాత ఆమె చూపు ఆ పలకల మీద నిలిచింది. నవ్వు ఆగిపోయింది. "అయితే ఇది బీరువాకేనా?"

ఆ మాటకు నేను పుస్తకం మూసి అమ్మ చోట కూర్చున్నాను. మొదటినుంచీ, ఒక్కో పలకా చూపిస్తూ చెప్పాను. తప్పు పలకలు వేస్తూ, ఒకరినొకరు తిట్టుకుంటూ, రెండు కాఫీలు తాగుతూ ఆడాం. నా పలకల వీపులు ఎవరికీ ఏమీ చెప్పని మొదటి ఆట అది. నేను గెలుపుకు ఒక్క పలక దూరంలో ఉన్నాను. అయినా గురువు నోరు ఊరుకుంటుందా? "ఇదిగో, ఇట్లాంటి ఒంటి పలక ఎవరికీ పనికిరాదు. దీన్ని ధైర్యంగా వేసేయొచ్చు" అని పాఠం చెబుతూ ఐదు వలయాల పలక వేశాను.

పెద్దమ్మ దాన్ని వేలితో తన వైపు లాక్కుంది. తన పలకలన్నీ ఒక్కొక్కటిగా పడుకోబెట్టింది. నాలుగు గుంపులు, ఒక జంట.

ఆమె కాసేపు ఆ పలకలను అరచేత్తో నిమిరింది. "ఇంత బాగుంటాదని ఆయన చెప్పనే లేదే" అంది. పప్పు పొయ్యి మీద పెట్టి ఆమే వినలేదని అనే ధైర్యం మాకెవరికీ లేదు.

నేను గొంతు సవరించుకున్నాను. ఆట పూర్తయింది, మాట ప్రకారం పెట్టె నాది. సిగ్గు విడిచి ఆ సంగతి గుర్తు చేశాను.

పెద్దమ్మ పలకలను మళ్లీ కలుపుతూ నన్ను వింతగా చూసింది. "రాని ఆట అయితే ఇచ్చేద్దామనుకుంటి. వచ్చేసినంక ఏంటికి ఇస్తానే? కూచో. ఇంకో ఆట."

కోవిల్పట్టి బస్సులో, ఖాళీ చేతులు ఒడిలో పెట్టుకుని, నేను చదివిన సమస్త గ్రంథాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: బహుమానం చేతికి అందేదాకా, ఈ జన్మలో ఎవరికీ ఏ విద్యనూ ఇష్టం పుట్టేంత బాగా నేర్పను.