చెరుకుతోట కేసులో నేను రాసిన మాట

పోయిన నెలలో హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఏదో పత్రిక ఆదివారం సంచికలో పాత హత్యకేసుల మీద వరసగా వ్యాసాలు వేస్తున్నారట. నిజాం కాలంలో ఈ జిల్లాలో నేరవార్తలు రాసినవాళ్ళలో ఇంకా ఉన్నది నేనొక్కణ్ణేనని ఎవరో చెప్పారట. వినగానే కొంచెం గర్వపడ్డాను. తీరా ఆలోచిస్తే అందులో నా ప్రతిభ ఏమీ లేదు, మిగిలినవాళ్ళు పోయారు, అంతే. మా ఆవిడ చాయ్ ఇచ్చింది. అమ్మాయి టేపు రికార్డరు బల్ల మీద పెట్టి, బాగా పేరుపడ్డ కేసులు చెప్పమంది. చెప్పాను. రైలు పెట్టెలో కంసాలి హత్య, మెండోర దగ్గర గోదావరి ఇసుకలో దొరికిన ట్రంకుపెట్టె, జక్రాన్‌పల్లి వైపు ఒక బావి కోసం అన్నదమ్ములు నరుక్కున్న కథ. నా గొంతులో ఉత్సాహం నాకే వినబడుతోంది. రెండు గంటలు మాట్లాడాక అమ్మాయి సంతోషంగా లేచి, ఇంకేమైనా మిగిలాయా అని అడిగింది. ఏమీ లేవన్నాను. ఆమె సందు మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి, లోపలికి వచ్చి మంచం మీద కూర్చున్నాను. మిగిలింది ఒకటి ఉంది. దానికి పేరు పడలేదు. ఇంతవరకు మా ఆవిడకు కూడా పూర్తిగా చెప్పలేదు.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. నిజామాబాద్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో తెలుగు పంతులుని, హైదరాబాద్ నుంచి వెలువడే ఒక తెలుగు వారపత్రికకు విలేఖరిని. ఆ రెండో హోదా వల్ల పత్రిక ఉచితంగా వచ్చేది, బజారులో నలుగురు నమస్కారం పెట్టేవారు, ఠాణాలో కుర్చీ వేసేవారు. మా సంపాదకుడు మంచివాడే గానీ ఒక పట్టింపు ఉండేది. హత్య వార్త అంటే మొదటి వాక్యంలోనే నెత్తురు కనబడాలి. ఆ అలవాటులో ఒకసారి విషం పెట్టి చంపిన మనిషిని కూడా నేను రక్తపు మడుగులో పడేసి పంపాను. అది అట్లాగే అచ్చయింది. ఒక్క పాఠకుడూ ఇదేమిటని అడగలేదు. అది తల్చుకుని మిత్రులతో చాలాసార్లు నవ్వాను. ఆ నవ్వు నన్ను ఎక్కడికి తీసుకుపోతోందో అప్పుడు తెలియలేదు.

బోధన్ వైపు అవి కొత్త రోజులు. కాలువ నీళ్ళు వచ్చి నాలుగైదేళ్ళు అయింది. జొన్న పండిన చేలల్లో వరి, వరి పక్కన చెరుకు. బస్సు కిటికీలోంచి చూస్తే మైళ్ళకొద్దీ మనిషి కంటే ఎత్తు పెరిగిన పచ్చదనం, మధ్యమధ్య బెల్లం వండే పొయ్యిల పొగ. చక్కెర ఫ్యాక్టరీ రాబోతోందని చెప్పుకునేవారు. ఆ వాసన ఎంత తియ్యగా ఉండేదంటే బస్సు దిగాక కూడా కాసేపు బట్టల్లో ఉండేది. నీళ్ళతో పాటు దోమలూ వచ్చాయి, దోమలతో చలిజ్వరం వచ్చింది. రోజు విడిచి రోజు వణికి, నడుమ రోజు లేచి పనికి పోయేవాళ్ళు జనం. ఎవరిని పలకరించినా ముందు క్షేమం కాదు, ఇవ్వాళ జ్వరం రోజా కాదా అని అడిగేవారు.

అట్లాంటి ఒక నడుమ రోజున, బోధన్‌కు నాలుగు మైళ్ళ దూరంలో ఒక పల్లెలో, చెరుకుతోటలో ఒక కూలిమనిషి శవం దొరికింది. మెడ మీద కొడవలి గాటు. పక్కనే పడి ఉన్నది వాళ్ళింటి కొడవలే. మర్నాడు పొద్దున నేను బస్సు దిగి ఠాణాకు చేరేసరికి కేసు తేలిపోయిందన్నారు. ఠాణా అధికారిని అప్పుడు అమీన్ సాబ్ అనేవాళ్ళం. ఆయన నాకు చాయ్ తెప్పించి, "జోరూనే కబూల్ కర్లీ పంతులూ. 'మైంచ్ మారీ, అప్నే హాత్ సే మారీ' బోలీ" అన్నాడు. పెళ్ళామే ఒప్పుకుందట, నేనే చంపాను, నా చేతులతో చంపాను అందట. ముందురోజు పొద్దున మొగుడూ పెళ్ళాలు గొడవ పడ్డది ఇరుగుపొరుగు విన్నారట. ఆమె లోపలి గదిలోనే ఉంది, కావాలంటే చూడమన్నాడు. నేను తలుపు దాకా వెళ్ళాను. గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్న ఒక ఆడమనిషి కనబడింది. ఇరవై ఏళ్ళు దాటి ఉంటాయేమో. తల ఎత్తి నా వైపు చూసింది. ఏదో అడుగుతానని అనుకున్నట్టుంది. నాకు పన్నెండు గంటల బస్సు తప్పిపోతుందన్న తొందర. ఏమీ అడగకుండా వెనక్కి తిరిగాను.

వార్త బస్సులోనే రాసేశాను. రక్తపు మడుగు మొదటి వాక్యంలో పడింది. రెండో వాక్యం ఇది: "నా భర్తను నేనే చంపాను, నా చేతులతో చంపాను అని ఆమె మా విలేఖరితో నిర్భయంగా చెప్పినది." మా విలేఖరితో అన్నది నేను చేర్చిందే. నిర్భయంగా అన్నదీ నేను చేర్చిందే. అందరూ అట్లాగే చేర్చేవారు, దాంతో వార్తకు ఒక నిండుతనం వస్తుందని. మొదటి పేజీలో పడింది. బజారులో నమస్కారాలు పెరిగాయి.

పది పన్నెండు రోజుల తర్వాత, మధ్యాహ్నం పూట పాఠం చెప్తుండగా, బడి వరండాలో ఒక ముసలామె వచ్చి కూర్చుంది. కాళ్ళ మీద దుమ్ము మోకాళ్ళ దాకా ఉంది. కొంగు ముడిలోంచి పత్రిక ముక్క తీసి, మడతలు విప్పి నేల మీద పరిచింది. అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి.

"పంతులూ, గిది నువ్వే రాసినవట."

"అవునవ్వా. నువ్వెవరు?"

"సచ్చినోని తల్లిని."

ఓదార్పు మాటలేవో మొదలుపెట్టబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నా కోడలు గట్ల అన్లేదు బిడ్డా. నా కొడుక్కు మూడొద్దుల సంది సలిజరం. గా పొద్దు జర తక్కువున్నది. బర్రెకు మేత లేదు. పోయి చెరుకు ఆకు ఒక మోపు కోసుకరా అన్నది కోడలు. నాతోని గాదు, ఒళ్ళు తూలుతుంది అన్నడు వాడు. జర లొల్లి అయింది. అయినంక వాడే కొడవలి పట్టుకొని లేసిండు. గంతే. మాపటికి పీనుగును తెచ్చి వాకిట్ల ఏసిండ్రు. గప్పుడు అది మీద పడి ఏడ్సింది. పోనంటె తోలిచ్చి నేనే సంపుకున్న, నా చేతులార సంపుకున్న అని ఏడ్సింది. పోలీసాయన గడపల నిలవడి రాసుకున్నడు. గది ఏడుపు పంతులూ. ఏడుపు గూడ రాసుకుంటరా?"

ఆమె కాసేపు ఊపిరి తీసుకుని మళ్ళీ అంది: "నేను గూడ అన్న. నిన్ను నేనే పొట్టన పెట్టుకుంటి కొడుకా అని నేను గూడ ఏడ్సిన. మరి నన్నెందుకు పట్టుకపోలే?"

ఆ ఊరి జనంలో ప్రతి ఒక్కరికీ కొడవలి ఎవరి చేతిలో లేచిందో తెలుసని ఆమె గొంతు తగ్గించి చెప్పింది. ఆ తోట ఒక పెద్ద ఆసామిది. ఆకు కోసినందుకు తోట కాపలావాళ్ళతో మాటామాటా పెరిగిందట. తరువాత నేను రెండుసార్లు ఆ ఊరు వెళ్ళాను. నన్ను చూడగానే మనుషులు ఎడ్ల గురించి, వానల గురించి మాట్లాడటం మొదలుపెట్టేవారు. ఒకాయన మాత్రం ఊరి బయట దాకా నాతో నడిచి, "మేం గీడనే బతకాలె పంతులూ" అని చెప్పి వెనక్కి మళ్ళాడు. ఆయన మీద కోపం రాలేదు. నా మీద నాకు వచ్చినంత కోపం ఇంకొకరి మీద రావడానికి చోటు లేదు.

వెళ్ళేటప్పుడు అవ్వ అన్న మాట ఇది: "నువ్వు రాసినవు గద, మళ్ళ నువ్వే రాసి తీసెయ్యి." రాసినవాడు తుడిచెయ్యలేడా అన్నది ఆమె అమాయకత్వం. అప్పుడు నాకూ అట్లాగే అనిపించింది. రోజూ బడిలో వ్యాకరణం చెప్పేవాణ్ణి. చంపడానికీ చంపుకోవడానికీ ఎంత దూరమో పిల్లలకు తెలుసు. చంపాను అంటే నేరం. చంపుకున్నాను అంటే నా మనిషిని నేనే పోగొట్టుకున్నానన్న గుండెకోత. అమీన్ సాబ్ ఆ మాటను ఉర్దూలోకి దించినప్పుడు ఆ "కున్న" రాలిపోయింది. నేను ఉర్దూ నుంచి మళ్ళీ తెలుగులోకి ఎత్తినప్పుడు దాన్ని వెతకనైనా లేదు. అంతా వివరంగా నాలుగు పేజీలు రాసి సంపాదకుడికి పంపాను. కేసు అదాలత్‌లో ఉండగా ఇట్లాంటివి వెయ్యకూడదని జవాబు వచ్చింది. మొదటి వార్త వేసిన రోజున కూడా అది అదాలత్‌కు పోయే కేసే.

కోడలి తరఫున వాదించడానికి ఒక పెద్దాయన ఒప్పుకున్నాడు. తెల్లగడ్డం, చలికాలం వేసవి తేడా లేకుండా నల్ల షేర్వాణీ. తెలుగు మాకంటే బాగా మాట్లాడే వకీలు సాబ్. నేను చెప్పిందంతా కళ్ళు మూసుకుని విని, "గా 'కున్న'ను ఉర్దూల పెట్టి నాకియ్యి పంతులూ. నేను జడ్జి సాబ్ ముంగట పెడ్త" అన్నాడు. ఆయన గదిలో కూర్చుని ఇద్దరం సాయంత్రం దాకా ప్రయత్నించాం. ఏ మాట పెట్టినా ఒప్పుకోలులాగానో సాకులాగానో వస్తుంది తప్ప ఏడుపులాగా రాలేదు. చివరికి ఆయన, "నువ్వే వచ్చి బయాన్ ఇయ్యి. తెలుగు పంతులువు, నీ మాటకు వజన్ ఉంటది" అన్నాడు.

సాక్ష్యం చెప్పే రోజు ఉతికిన ధోవతి కట్టుకుని వెళ్ళాను. మాటలో ఉన్న తేడాను బడిలో చెప్పినట్టే చెప్పాను. జడ్జి శ్రద్ధగా విన్నాడు, ఒకటి రెండుసార్లు తల కూడా ఊపాడు. నాకు కొంచెం ఆశ కలిగింది. అప్పుడు సర్కారీ వకీలు లేచి, కాగితాల్లోంచి మా పత్రిక తీశాడు.

"గిది మీరు రాసిందేనా?"

"అవును."

"'మా విలేఖరితో నిర్భయంగా చెప్పినది' అని ఉన్నది. ఆ విలేఖరి మీరేనా?"

"నేనే."

"ఆమె మీతోని చెప్పిందా లేదా?"

చెప్పలేదన్నాను. అట్లయితే అబద్ధం అచ్చు వేయించారన్న మాట అన్నాడు. అవునన్నాను. అప్పుడు అబద్ధం రాసినవాడు ఇప్పుడు నిజం చెప్తున్నాడని అదాలత్ ఎట్లా నమ్మాలి అని అడిగి, నా జవాబు కోసం ఆగకుండా కూర్చున్నాడు. పోనీ చంపుకున్న అన్న మాట మీరు చెవులారా విన్నారా అని జడ్జి అడిగాడు. వినలేదు. తల్లి చెప్పగా విన్నాను. బోనులోంచి దిగి వస్తుంటే కోడలు నన్ను చూస్తోంది. ఠాణా గదిలో చూసిన చూపే. ఇప్పుడు అడగడానికి నాకు వేయి ప్రశ్నలున్నాయి, అడిగే హక్కు లేదు.

తల్లి కూడా సాక్ష్యం చెప్పింది. కొడుకు పోయిన దుఃఖంలో ఆమెకు మతి స్థిమితం లేదని పక్కన పెట్టారు. దుఃఖంలో కోడలు అన్న మాట మాత్రం పూర్తి స్పృహతో అన్నదే అయింది. చివర జడ్జి కోడల్నే సూటిగా అడిగించాడు, నీ మొగుణ్ణి నువ్వు చంపావా అని. వకీలు సాబ్ ఆమెకు ముందే పదిసార్లు చెప్పి పెట్టాడు, లేదు అను, అంతకు మించి ఒక్క మాట వద్దు అని. ఆమె నేల చూస్తూ, "నేను తోలియ్యకుంటె బతికేటోడు. నేనే సంపుకున్న" అంది. వకీలు సాబ్ కళ్ళు మూసుకున్నాడు. గుమాస్తా కలం కదిలింది.

ఉరి వెయ్యలేదు, యావజ్జీవ ఖైదు అన్నారు. అది దయ అని బయట అనుకున్నారు. అసలు దెబ్బ వేసిన చెయ్యి ఎవరిదో ఏ కాగితం మీదికీ రాలేదు. జవానులు కోడల్ని బండి ఎక్కిస్తుంటే అవ్వ కొంగులో కట్టుకొచ్చిన జొన్నరొట్టె అందించింది. "నువ్వు తిను అత్తమ్మా, దూరం నడవాలె గద" అని కోడలు సగం తుంచి తిరిగి ఇచ్చింది. వాళ్ళిద్దరి మధ్య ఇంకో మాట నాకు వినబడలేదు.

నేరవార్తలు రాయడం మానేశానని చెప్పుకోగలిగితే బాగుండేది. మానలేదు. మా విలేఖరితో అన్న మాట మాత్రం మళ్ళీ రాయలేదు. రక్తపు మడుగులు పోయేసరికి నా వార్తలు చప్పబడ్డాయని సంపాదకుడు విసుక్కునేవాడు.

నాలుగేళ్ళు గడిచాక ఒక వారం బోధన్ సంతలో, మరాఠీలో బేరమాడుతున్న ఆడవాళ్ళ మధ్య, చింతపండు కుప్ప ముందు అవ్వ కనబడింది. నడుము పూర్తిగా వంగిపోయింది. తప్పుకుని పోదామనుకున్నాను. ఆమే పిలిచింది.

"పంతులూ, కోడలు పోయింది. జైలుల జరమొచ్చిందట. కాయితం నెల అయినంక వచ్చింది."

అక్కడే గొంతుక్కూర్చున్నాను. ఆమె చింతపండు సర్దుతూనే ఉంది. ఆ గొంతులో కోపం లేదు. ఉంటే నాకు తేలికగా ఉండేది.

"గిది గూడ రాస్తవా?"

"రాస్తనవ్వా."

"సక్కగ రాయి. మొగుడు పోయినంక బతకబుద్ధి గాలే, గందుకే పోయింది అని రాయి."

రాశాను. ఎనిమిది వాక్యాలు. ప్రతి మాటా రెండుసార్లు చూసుకుని, ఆమె అన్నట్టే రాశాను. పాత కేసు, పాఠకులకు గుర్తుండదు అని సంపాదకుడు తిప్పి పంపాడు. ఆ కాగితం ఆమెకు చూపించాలనుకున్నాను. తరువాతి సంతకు వెళ్తే అవ్వ లేదు. ఆపై వారం కూడా లేదు. మూడో వారం ఆ చోట ఇంకెవరో మిరపకాయలు పోసుకుని కూర్చున్నారు. అడిగితే, ముసలామె మంచం పట్టిందనీ, ఎవరో చుట్టాలు మహారాష్ట్ర వైపు తీసుకుపోయారనీ చెప్పారు.

ఆ కోడలు ఎన్నేళ్ళు బతికిందో కాగితాలను బట్టి లెక్క వేశాను, ఇరవై ఆరు. నా పిల్లలు ఆ వయసు దాటారు, ఇప్పుడు మనవలు దాటుతున్నారు. ఆమె ఈ లోకంలో గడిపిన కాలం కంటే, ఆమెను ఏమీ అడగకుండా వెనక్కి తిరిగిన ఆ ఒక్క నిమిషంతో నేను గడిపిన కాలమే ఎక్కువైపోయింది.