బోణీ వేళ పొగ

ఆ రోజుల్లో గాలికి రంగులుండేవి కావు. ఇప్పుడు సెల్‌ఫోన్ తీస్తే చాలు, నర్సీపట్నం గాలి ఈ పూట పచ్చగా ఉందో ఎర్రగా ఉందో అదే చెప్పేస్తోంది. అప్పట్లో మా బజారువాళ్లం ముక్కుతోనే తేల్చుకునేవాళ్లం. వానాకాలంలో గాలి కడిగిన పళ్లెంలా ఉండేది. పడమటి కొండల మీద చెట్లు ఒక్కొక్కటే చూసుకోవచ్చు (చూసే తీరికా ఉండేది, వానలో బట్టల కొట్టుకి ఎవరొస్తారు గనక). వేసవిలో దుమ్ము. మాఘమాసం వచ్చిందంటే మాత్రం చుట్టుపక్కల ఊళ్లలో చెరకు నరికి, బెల్లం వండి, మిగిలిన ఆకుని చేలోనే తగలబెట్టేవారు. ఆ పొగ చలికి కిందికి దిగి, కొండలు అడ్డం ఉండడంతో ఎటూ పోలేక, తెల్లారేసరికి మా బజారులో పనిలేని చుట్టంలా తిష్ట వేసేది. ఎండెక్కి, సముద్రం వైపు నుంచి గాలి మొదలైతే గానీ లేచేది కాదు. ఇదంతా నాకు తెలుసు. కొట్టువాళ్ల మధ్య పుట్టి పెరిగినవాణ్ణి, తెలియనిదేముంటుంది? అయినా బోల్తా పడ్డాను.

ఎస్. రాయవరం వైపు చెరకు రైతు ఒకాయన తన కూతురికి నన్ను అనుకున్నారు. ఆ అమ్మాయి ఫొటో చూసిన దగ్గర్నుంచి నేను గుడ్డ తిన్నగా చించలేకపోయేవాణ్ణి. అయితే ఆయన మా కొట్టు కళ్లారా చూశాకే మాట ఇస్తామన్నారు. అమ్మాయిని తీసుకుని మధ్యాహ్నం వస్తామని ఫోన్ చేశారు. మధ్యాహ్నం మా కొట్టులో నేనూ, ఈగలూ, మా నాన్నగారి గురకా తప్ప మరేమీ ఉండవు. కొయ్యూరు నుంచి తొలి బస్సు దిగేవాళ్లతోనే మాకు బోణీ. ఆ కాసేపు చూస్తే కొట్టు తీర్థంలా ఉంటుంది. అందుకని బేరం మొదలెట్టాను. మధ్యాహ్నం వర్జ్యమన్నాను, ఎండ అన్నాను, బోణీ వేళ ఆడపిల్ల గడప తొక్కితే లక్ష్మి వచ్చినట్టే అన్నాను. ఆయన కొంచెం కొంచెంగా దిగి, చివరికి పొద్దున్నే వస్తామని ఒప్పుకున్నారు. ఫోన్ పెట్టేసి మీసం దువ్వుకున్నాను (అప్పటికి ఉన్నంతలో).

ఆ పొద్దున తలుపులు తీసేసరికి ఎదురు కొట్టు కనబడలేదు. మంచూ పొగా కలిసి వీధిని మింగేశాయి. ఘాట్ రోడ్డులో దారి కనబడక తొలి బస్సు ఎక్కడో ఆగిపోయింది. గిరాకీ రాలేదు గానీ పెళ్లివారు అనుకున్నదానికన్నా ముందే ఆటో దిగారు. మాది పంచెలకూ తువ్వాళ్లకూ పేరున్న కొట్టు. ముందంతా తెల్లగా వేలాడుతూ ఉంటాయి. వాటి కింద తండ్రీకూతుళ్లు కూర్చుని కళ్లు ఒత్తుకుంటున్నారు. మర్యాదకి నేనూ ఒత్తుకుంటున్నాను. దారినపోయే ముసలాయన ఒకడు ఆగి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకున్నాడు.

“ఎవులు పోయినారు బాబూ? పెద్దాయనేటి?”

గల్లాపెట్టె దగ్గర మా నాన్నగారు, తాను బతికే ఉన్నట్టు తెలిసేలా, గట్టిగా దగ్గారు.

ఇక పరువు దక్కించుకోవాలని నేను ఉపన్యాసం అందుకున్నాను. కొండల సంగతీ చలి సంగతీ వివరించి, తప్పంతా చేలో ఆకు తగలబెట్టే వాళ్లదేనని, కాస్త బుద్ధీ జ్ఞానం ఉన్న రైతెవడూ ఆ పని చెయ్యడని తేల్చి చెప్పాను.

“నిన్న మా నాన్న తగలెట్టిందీ అదేనండి,” అంది అమ్మాయి.

ఆయన ఒక పంచె తీసుకుని దాని అంచును చాలా శ్రద్ధగా పరిశీలించసాగారు. నా సంబంధం ఆ పొగలోనే కలిసిపోయిందనుకున్నాను. ఇద్దరూ లేచారు. గడప దగ్గర అమ్మాయి వెనక్కి తిరిగి, “మధ్యానం వత్తామంటే వద్దన్నారంట. అప్పుడు కొట్టు కాళీగా ఉంటాదేటండి?” అని అడిగింది.

ఇంత తిన్నగా నా సరుకు మడత విప్పినవాళ్లు అంతకు ముందు లేరు. “ఉంటుందండి,” అన్నాను. జీవితంలో మొదటిసారి అసలు ధర ముందే చెప్పాను.

వాళ్లు బజారులో ఏవో పనులు చూసుకుని మధ్యాహ్నం మళ్లీ వచ్చారు. అప్పటికి గాలి తిరిగింది. కొండలు కడిగి ఆరేసినట్టు నిలబడి ఉన్నాయి. మా నాన్నగారు గురక పెడుతున్నారు, నేను ఈగలు తోలుతున్నాను. ఆ అమ్మాయి కొండల్ని చూసింది, కొట్టుని చూసింది, నా చేతిలోని విసనకర్రని చూసింది.

“గాలి బాగుంది. గిరాకీ మనం సూసుకోవచ్చులే నాన్నా,” అంది.

ఇప్పుడు గల్లాపెట్టె దగ్గర కూర్చునేది ఆవిడే, బేరాలన్నీ ఆవిడవే. కూతురి మాట విని మా మావగారు ఆకుని తగలబెట్టకుండా చేలోనే నేల మీద కప్పుతున్నారు. పక్క చేలవాళ్లకి మాత్రం అలాంటి కూతుళ్లు లేరు. అందుకే మాఘమాసం పొద్దున్న కొట్టు ముందు కూర్చుంటే నాకిప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఊరికి కొత్తవాళ్లెవరైనా ఆగి, ఎవరేనా పోయారా అని జాలిగా అడుగుతారు.

“ఉండేవాడండీ ఒక కుర్రాడు. మహా బేరగాడు,” అంటాను. వెనక గల్లాపెట్టె దగ్గర నవ్వు వినిపిస్తుంది.