రద్దీ కాగితాల్లో ముసుగు మనిషి

నిరుడు కార్తీకంలో రెండో ఆదివారం, మధ్యాహ్నం సరిగ్గా మూడున్నరకు, నాగారంలో మా వదిన ఇంట్లో టీవీలో ముసుగు హీరో సినిమా ఒకటి మొదలైంది. వదిన అంటే మా అన్న భార్య. అన్న పోయి చాలా ఏళ్లయింది. షుగరు వల్ల వదినకు ఇప్పుడు చూపు దాదాపు పోయింది. కిటికీ ఎటువైపుందో వెలుగును బట్టి చెప్పగలదు, అంతే. నేను శామీర్‌పేట నుంచి ఆటోలు మారి వెళ్లాను. తెర మీద ఏం జరుగుతుందో పక్కన కూర్చుని చెప్పాలని ఆమే కబురు పెట్టింది. ఇంకెవరు చెప్పినా తనకు ఎక్కదట.

ఇలాంటి సినిమాలంటే నాకు ఈ వయసులోనూ పిచ్చే. ఇంట్లో భక్తి చానెల్ పెడితే నేను పక్కింటికి పోయి రాక్షసుల సినిమా చూసి వస్తాను. అయితే ఇష్టం కదా అని అన్నిటినీ మెచ్చుకోను. దయ్యాల సినిమాల్లో దయ్యం ఎప్పుడూ బంగళాలోనే కాపురముంటుంది. గాజులరామారంలో మా చిన్నకూతురు అద్దెకుండే గదిలో నలుగురు పడుకుంటే ఐదో మనిషి నిలబడే చోటుండదు. అక్కడికి వచ్చి దయ్యం మాత్రం ఏం చేస్తుంది? పాము సీరియళ్లు ఇంకో రకం. నాగకన్య పగ తీర్చుకుంటానని బయల్దేరి, ఏడాది పొడుగునా అత్తగారింట్లో వంట చేస్తూ కూర్చుంటుంది. ఎగిరే హీరోలు కొట్టుకుంటే మేడలు కూలతాయి గానీ, ఆ మేడలో పొయ్యి మీద అన్నం పెట్టుకున్న మనిషి ఏమైందో ఒక్కడూ చెప్పడు. ఇక చచ్చిపోయిన హీరోను తర్వాతి భాగంలో లేపి తేవడం నాకు అసలు గిట్టదు. ఏడ్చినవాళ్లను వెర్రివాళ్లను చేయడమే అది.

నాకు నచ్చేది ముఖం దాచుకునే వీరుడు ఒక్కడే. నాకు ఆ పిచ్చి పట్టించింది వదినే.

అప్పట్లో మేం మేడ్చల్‌లో ఉండేవాళ్లం. పొద్దున ద్రాక్షతోటలో కూలికి పోయి, మధ్యాహ్నం నుంచి ఇంటి వెనక రేకుల షెడ్డులో కాగితం సంచులు అంటించేవాళ్లం. అన్న సైకిలు మీద రద్దీ కాగితాల కట్టలు, అంటే తూకానికి అమ్మేసిన పాత కాగితాలు, తెచ్చి పడేసేవాడు, తయారైన సంచులు కిరాణా దుకాణాలకు వేసి వచ్చేవాడు. మైదాపిండితో లై ఉడికించుకుని, ఎదురెదురుగా కూర్చుని మడిచి అంటించడమే మా పని. ఇద్దరికీ అక్షరం ముక్క రాదు.

ఆ కట్టల్లో పాత వారపత్రికలు కూడా వచ్చేవి. వాటిలో ఒక బొమ్మల కథ. ముక్కు దాకా నల్ల ముసుగు వేసుకున్న మనిషి గోడలెక్కి, గుర్రాలెక్కి, ఒక బట్టతలాయనతో కొట్లాడుతూ ఉంటాడు. అప్పుడప్పుడూ ఒక అమ్మాయి వస్తుంది. ఆ పేజీ కనబడితే మా చేతులు ఆగేవి. వదిన దాన్ని మోకాలి మీద పరిచేది, నేను చెప్పేదాన్ని. నేను ఆగిపోతే తను అందుకునేది. ఒక వారం పేజీ దొరికితే రెండు వారాలవి దొరికేవి కావు. మధ్యలో ఏం జరిగిందో కూడా మేమే కల్పించుకోవాలి.

అలా మాకొక కథ తయారైంది. ఆ మనిషికి చిన్నప్పుడు అమ్మవారు పోసి ముఖమంతా మచ్చలు పడ్డాయి, అందుకే ముసుగు. ఆ అమ్మాయి వాళ్లక్క. తమ్ముణ్ని ఎవరూ వెక్కిరించకుండా తనే వెతుక్కుంటూ వెళ్లి అన్నం పెట్టి వస్తుంది. బట్టతలాయన దొర. ముసుగు మనిషి దొరను ఎన్నిసార్లు పడగొట్టినా చంపడు. ఎందుకు చంపడని మేం చాలా రోజులు ఆలోచించాం. చివరికి వదినే తేల్చింది. దొర పెళ్లాం వీడికి పసితనంలో పాలిచ్చింది, ఆమె పసుపు కుంకుమలు ఎలా తీసేస్తాడు అని. ఆ మాట అంటూనే పేజీకి లై రాసి సంచి చేసేసింది. మా కథలో బెల్లం పోసుకుని ఎవరెవరో ఇళ్లకు పట్టుకుపోయారు.

వదినకు చెంపల నిండా అమ్మవారి మచ్చలున్నాయి. నేను ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు, తనూ ఎత్తలేదు.

తర్వాత మా వాడలో పెద్దవాళ్లకు అక్షరాలు చెప్పే బడి పెట్టారు. నేను వెళ్లాను. నడుము నొప్పి, పిల్లల పని అంటూ వదిన రాలేదు. బస్సు బోర్డు, మందుల చీటీ, రేషను కార్డు మీద నా పేరు, ఒక్కొక్కటే పట్టుబడ్డాయి. చదువు నేర్చుకున్నందుకు నాకు ఏనాడూ విచారం లేదు. కానీ నేను మొదటిసారి మొదటి నుంచి చివరి దాకా కూడబలుక్కుని చదివింది ఆ బొమ్మల కథ పేజీనే. గొప్పగా పైకి చదివాను. ముసుగు మనిషి ఒక షావుకారు ఒక్కగానొక్క కొడుకు. చాలా అందగాడట, ఎవరూ గుర్తుపట్టకూడదని ముసుగట. ఆ అమ్మాయి అతను చేసుకోబోయే పిల్ల. బట్టతలాయన దొర కాదు, విషాలు తయారుచేసే పంతులు. ఆయనకు పెళ్లే కాలేదు.

వదిన విన్నది. అవునా అన్నది. ఆ పేజీ కూడా సంచి అయింది. ఆ తర్వాత బొమ్మల పేజీ దొరికితే తను చూడకుండానే నా వైపు తోసేది, నువ్వే చదువుకో అనేది. కొన్నాళ్లకు తోయడం కూడా మానేసింది. రాసినాయన కథ కంటే మాదే బాగుండేదని ఆ రోజు అనడానికి నాకు నోరు రాలేదు. అచ్చులో ఉన్నదే నిజమని నమ్మే కొత్త చదువు నాది.

ఆ ఆదివారం వదిన మంచం మీద గోడకు ఆనుకుని కూర్చుంది. మనుమరాలు తుర్కపల్లిలో ఏదో ల్యాబులో పనిచేస్తుంది. సెలవు రోజు కాబట్టి ఇంట్లోనే ఉండి, తెలుగులో మాట్లాడే పరదేశం సినిమా పెట్టింది. కోడలు పల్లీలు ఒలుస్తూ, తను చెప్తే కథ ఉప్పులేని కూరలా ఉంటుందని అత్తమ్మ అంటుందని నాతో ఫిర్యాదు చేసింది. మాటలన్నీ వదినకు వినబడుతూనే ఉన్నాయి. కొట్లాట వచ్చేసరికి ఉత్త చప్పుడే మిగిలింది.

"ఏమైతాంది పిల్లా?" అన్నది. నాకు అరవై దాటినా ఆమెకు నేను పిల్లనే.

"కొట్టుకుంటున్నరు."

"కొట్టుకునేది ఇనబడ్తలేదా నాకు? గింత సదువుకున్నవ్, గదేనా చెప్పేది? షెడ్డుల చెప్పినట్టు చెప్పు."

తెర వైపు చూస్తే బొమ్మ కంటే ముందు కింద మూలన తిరిగే అక్షరాలే కనబడుతున్నాయి. వాటిని చదవకుండా ఉండలేని మనిషినైపోయాను. అయినా మొదలుపెట్టాను.

"ఇగ ఇను వదినె. వీనికి చిన్నప్పుడు అమ్మవారు పోసింది. మొఖం సూపెట్టుకోలేక ముసుగేసిండు. గీ పిల్ల వాళ్లక్క. సద్ది వట్టుకొని వచ్చింది."

అంతలోనే తెర మీద ఇద్దరూ ఒకరినొకరు హత్తుకున్నారు, వెనక నుంచి పాట మొదలైంది. ప్రేమ పాటని చూడకపోయినా, వింటేనే తెలుస్తుంది. మనుమరాలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుంది. వదిన నవ్వలేదు.

"అక్క గాదు గద పిల్లా. నువ్వే సదివి చెప్తివి."

"అది వేరే కథ, ఇది వేరే."

"ముసుగోళ్లందరు గంతే. వాని మొఖం సక్కగున్నదని నువ్వు అన్నప్పటిసంది, ఎంత యాది జేసుకున్నా మచ్చలు గనవడ్తలేవు నాకు. కండ్లున్నప్పుడు గూడ గనవడలే." చేత్తో దుప్పటి సర్దుకుంది. "పోనియ్. ఉన్నదే చెప్పు. ఎవరు గెలుస్తున్నరు?"

ఇంకేదైనా చెప్పి ఒప్పించాలని చూశాను. దొర పెళ్లాం మాట నోటి దాకా వచ్చింది. అది ఆమె కల్పించినది, నేను తిరిగి ఆమెకే అప్పజెప్పాల్సినది కాదు. ఉన్నదే చెప్పాను. ఒకడు కింద పడ్డాడన్నాను, లేచాడన్నాను, వంతెన కూలిందన్నాను. వదిన ఊకొట్టింది. సినిమా అయిపోయేసరికి ఆమె ఊకొట్టడం లేదు, ఎప్పుడు ఆపిందో నేను గమనించలేదు. నిద్రపోలేదు, కళ్లు తెరిచే ఉన్నాయి, వేళ్లు దుప్పటి అంచును సంచిలా మడుస్తున్నాయి.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్లం ఇంతే: మంచం మీద మా వదిన, గడపలో పల్లీల చేటతో ఆమె కోడలు, చాప మీద ఆమె మనుమరాలు, మంచం పక్కన కుర్చీలో నేను. మా ముసుగు మనిషి లేడు.